ఇరుకు అక్షరాలు

"గడియ పెట్టావా?"

"పెట్టాను నాన్నా. నేను లోపలికి వచ్చాక ఇది మూడోసారి అడగడం."

"పై గడియ కూడా?"

"పైదీ పెట్టాను, కిందదీ పెట్టాను. కిటికీ నువ్వే మూశావు. ఇప్పుడైనా చెప్తావా? ఏడాదిగా నాతో మాటల్లేవు నీకు. ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి ఉన్నపళంగా బయలుదేరు, ఎవరికీ చెప్పకు అన్నావు. కడుపునొప్పని మా షాపు ఓనరుకి అబద్ధం చెప్పి బస్సెక్కాను. అమ్మకేమైనా అయిందేమోనని దారి పొడుగునా..."

"అమ్మకేం కాలేదు. వెనకాల గుడ్డలు ఉతుకుతోంది. నువ్వు మెల్లగా మాట్లాడు."

బోర్డులు రాసే పెయింటరు ఇంట్లో ముందుగది అది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. మూసిన కిటికీ కింద ఎండి బిగుసుకుపోయిన రంగు డబ్బాల పక్కన తండ్రీ కూతురూ కూర్చున్నారు.

"ముందు ఇది చూడు."

"ఏమిటిది, గోడ మీంచి పీకుకొచ్చావా? వెనకాల సున్నం కూడా ఊడొచ్చింది."

"నిన్న రాత్రి బడి గోడ మీంచి. చదువు. పైకి కాదు, లోపల చదువుకో."

"తొట్టిలోకి దిగింది..."

"పైకి వద్దన్నానా."

"గొణుక్కుంటున్నానులే. నాకే వినపడట్లేదు. తొట్టిలోకి దిగింది ముగ్గురు. చూపించింది ఒక్కణ్ణి. మిగతా ఇద్దరూ ఏరి? ఏ తొట్టి నాన్నా?"

"అద్దకం మిల్లులో తొట్టి. రంగునీళ్ళు నిలవుంటాయి చూడు, అది. పోయిన శనివారం దాన్ని కడగడానికి దిగినవాడు ఊపిరాడక పోయాడు. ఒకడని పేపర్లో వేశారు. ఒకడని మిల్లువాళ్ళు మైకులో కూడా చెప్పారు. సంతాపం అన్నారు, రెండు నిమిషాలు నిలబెట్టారు, మళ్ళీ మిషన్లు తిప్పారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు. నిన్న తెల్లారేసరికి ఊళ్ళో ఏడు చోట్ల ఇవి. బస్టాండులో రెండు, బడి గోడకి ఒకటి, ఆసుపత్రి ఎదురుగా ఒకటి. ఏడోది మిల్లు గేటుకే."

"నాన్నా, ఇవి నీ అక్షరాలు."

"అవునా? నువ్వు చెప్పేదాకా తెలీదులే నాకు."

"వెటకారం ఆపు. ఈ లావూ, ఈ పొడుగూ నీవి. బస్సులో నిలబడ్డ జనంలాగా ఒకదాన్నొకటి రాసుకుంటూ. తలకట్టు చూడు, టోపీ పక్కకి జారినట్టు. ఇంకెవరు పెడతారు ఇలాంటి తలకట్టు?"

"మేనేజరు కూడా అదే అడిగాడు."

"ఏ మేనేజరు? మిల్లు మేనేజరా? నువ్వు మిల్లుకి వెళ్ళావా?"

"వెళ్ళడమేమిటి, తీసుకెళ్ళారు. నిన్న ఈ వేళకి మనిషొచ్చాడు. రమ్మంటున్నారు, చొక్కా వేసుకో అన్నాడు. ఏదో బోర్డు పనేమో అనుకుని బ్రష్షులు కూడా సంచిలో వేసుకున్నాను చూడు, అదీ నా తెలివి. రెండేళ్ళుగా ఒక్కడు పిలవలేదు, ఇవాళ పిలిచారని చంకలు గుద్దుకుంటూ పోయాను. అప్పటికి ఈ కాగితం సంగతే నాకు తెలీదు. బయటికి వెళ్ళడానికి నాకేం పని, ఎవరు చూస్తున్నారని? వాళ్ళ బల్ల మీదే మొదటిసారి చూశాను దీన్ని. దీని చుట్టూ ఫొటోలు పరిచారు. సైకిల్ కొట్టు బోర్డు, మందుల షాపు, కట్టెల అడితి, పంటి డాక్టరు, వాళ్ళ మిల్లు గేటు. అన్నీ నావే. ఊరంతా నా రాతేనని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. నిన్న ఆ బల్ల మీద చూస్తే, నా మీద నేనే ముప్పై ఏళ్ళు కూర్చుని సాక్ష్యం రాసుకున్నట్టుంది."

"కొట్టారా?"

"లేదు."

"నాన్నా, నా వంక చూసి చెప్పు."

"లేదంటే లేదు. ఇది ఎవరి అక్షరం అన్నాడు మేనేజరు. నాదిలా ఉందన్నాను. నీదిలా ఉందా, నీదేనా అన్నాడు. పక్కన ఇంకొకడున్నాడు, మిల్లు ఓనరు కొడుకు చిన్నయ్యగారి మనిషట, మెడ అనేది లేదు వాడికి. భుజాల మీద నేరుగా తలకాయ పెట్టేశారు. గోళ్ళు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. కత్తిరించిన గోరు కత్తిరించినట్టు తీసి నా అక్షరాల మీద పేరుస్తున్నాడు. సున్నలో ఒకటి, గుడిలో ఒకటి. ఎంత పద్ధతిగా పెట్టాడనుకున్నావు."

"తరవాత?"

"రేపు రెండింటికి జీపు పంపిస్తాం, ఈలోగా ఎవరు రాశారో గుర్తు తెచ్చుకో అన్నాడు మేనేజరు. రేపంటే ఇవాళ."

"ఇంకేం అడగలేదా?"

"అవీ ఇవీ అడిగారు. బోర్డుల సంగతి. అంతే."

"అంతేనా?"

"అంతేనన్నానుగా. ఏమిటా చప్పుడు?"

"పక్కింటివాళ్ళ బండి. స్టాండు వేశారు. కూర్చో నాన్నా, కూర్చో. నన్నెందుకు పిలిచావో నాకు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"నా ఫాంట్ గురించి. నీ అక్షరాలు ఎత్తుకెళ్ళి కంప్యూటర్లో పెట్టాననేగా ఏడాదిగా మాట్లాడనిది. ఇప్పుడు ఎవడో దాన్ని తీసుకుని దీన్ని వేశాడు, నా కొంప ముంచావు తల్లీ అని తిట్టడానికి పిలిచావు. తిట్టు."

"తిట్టడానికైతే ఫోన్లోనే తిట్టేవాణ్ణి. అయినా నువ్వు చేసింది మాత్రం మంచి పనా? నా పొట్ట కొట్టింది ఫ్లెక్సు. నా కూతురు పోయి ఫ్లెక్సు షాపులోనే చేరింది. పోనీ, తిండికోసం అనుకున్నాను. ఊరూరా తిరిగి నా బోర్డులన్నీ ఫొటోలు తీశావు. నాన్న మీద ప్రేమ కాబోలనుకున్నాను. చివరికి వాటిని కోసి, కుట్టి, ఎవడు పడితే వాడు పట్టుకుపొమ్మని ఊరికే పంచిపెట్టావు. దానికొక పేరు కూడా. ఇరుకు."

"నీ అక్షరాల్ని అందరూ అలాగే అంటారుగా."

"అందరూ అంటే అంటారు. ఆ ఇరుకు ఎందుకొచ్చిందో నీకు తెలుసుగా. కొట్టు గుమ్మం చూస్తే నాలుగడుగులు, ఓనరు పేరు, వాళ్ళ నాన్న పేరు, సన్స్ అండ్ బ్రదర్స్ కలిపి బారెడు. మిగతా పెయింటర్లు అక్షరం చిన్నది చేసేవాళ్ళు. చిన్నది చేస్తే రోడ్డవతలికి ఏం కనపడుతుంది? నేను చిన్నది చెయ్యలేదు. పక్కలు నొక్కాను. నొక్కి పైకి లేపాను. లావు మాత్రం దించలేదు. బస్సులో పోయేవాడు కూడా ఒక్క చూపులో చదువుకోవాలి. ఒత్తుల్లో ఆ వంకర ఉంది చూడు, అది నా బ్రష్షుకి ఒక పక్క వెంట్రుకలు ఊడిపోవడం వల్ల వచ్చింది. కొత్త బ్రష్షు కొనే తాహతు వచ్చేసరికి అందరూ ఆ వంకరే కావాలన్నారు. మూడో తరగతిలో బడిలోంచి గెంటించుకున్నవాణ్ణి నేను. అక్షరం చదవడం కన్నా ముందు గీయడం వచ్చింది. నాకున్నది అదొక్కటి. దాన్ని నువ్వు..."

"నాన్నా, ఒక్క నిమిషం ఆ కోపం పక్కన పెట్టు. నేను ఊరికే పంచిపెట్టడమే ఇవాళ నిన్ను కాపాడుతుంది. ఎంతమంది తీసుకున్నారో తెలుసా నీ అక్షరాన్ని? దగ్గరదగ్గర నాలుగు వేలమంది. జీపు వస్తే ధైర్యంగా చెప్పు. ఇది నా చెయ్యి కాదయ్యా, కంప్యూటరు అక్షరం, ఎవడైనా కొట్టుకోవచ్చు అని చెప్పు."

"అప్పుడు జీపు ఎటు వెళ్తుంది?"

"ఎటు?"

"దాన్ని కంప్యూటర్లో పెట్టిందెవరు అంటారు. మా అమ్మాయి అంటాను. జీపు మీ ఇంటికొస్తుంది."

"రానీ. నాలుగు వేలమంది పేర్లు అడిగితే నా దగ్గరేం ఉన్నాయి? లేవంటాను."

"లేవంటే ఊరుకునే మొహాలు కావు అవి. నువ్వు వాడి గోళ్ళు చూడలేదు."

"ఉండు, లాప్‌టాప్ తెచ్చాను. ఇదే మాట ఇరుకులో కొట్టి చూపిస్తాను. రెండూ పక్కపక్కన పెడితే అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఇదిగో, ఈ ఫొటో చూపించేస్తే గొడవ వదిలిపోతుంది."

"వద్దు. కొట్టకు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు. మూసెయ్. దానికి టైము లేదు. ఒకటిన్నరకి బస్సుంది, మీ అమ్మని నీతో..."

"అయిపోయింది, కొట్టేశాను. చూడు. ఇదిగో తొట్టి. ఇదిగో దిగింది. ఇదిగో..."

"ఏమైంది?"

"ఇక్కడ మూడు సున్నలున్నాయి నాన్నా. దిగింది-లో ఒకటి, చూపించింది-లో రెండు. నా ఫాంట్లో మూడూ ఒకటే సున్న. నిలబెట్టిన గుడ్డులాగా. మూడుసార్లు కొడితే మూడుసార్లూ అదే గుడ్డు వస్తుంది. నీ కాగితంలో మూడు గుడ్లూ మూడు రకాలు. ఇది కొంచెం లావు. ఇది ఎడమకి ఒరిగింది. దీనికి కింద పొట్ట ఉంది."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? ఇది ప్రింటు కాదు. అంచు తడిమి చూడు, రంగు లేచి ఉంది. పాత క్యాలెండరు వెనక బ్రష్షుతో రాశారు. చెయ్యి ఇది. ఎవరిదో చెయ్యి."

"ఊఁ."

"నీకు ముందే తెలుసు."

"ముప్పై ఏళ్ళు బ్రష్షు పట్టినవాడికి ప్రింటేదో రాతేదో తెలియదా? బల్ల మీద చూసినప్పుడే తెలిసింది."

"నువ్వే రాశావా నాన్నా?"

"నా చెయ్యి చూడు. చాపుతున్నాను, చూడు. గ్లాసు పట్టుకుంటే సగం లాగు మీద పడుతోంది. రెండేళ్ళయింది ఇలా. ఇది గీయగలిగే చెయ్యేనా?"

"మరెవరు? నీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో..."

"నేర్చుకున్నదెవరు? వారం ఉంటే ఎక్కువ. నా నోటికి దండం పెట్టి పోయారు అందరూ."

"మరి నీ అక్షరం ఇంకెవరికి వచ్చు?"

"ఒకటిన్నరకి బస్సు. అది తప్పితే మళ్ళీ నాలుగింటికి."

"నాన్నా, అడిగినదానికి చెప్పు."

"గీత నాది. ముప్పై ఏళ్ళు సుద్దదారం కొట్టి గీత గీసిచ్చాను. ఆ గీతల మధ్య కూర్చుని రంగు నింపిందెవరు? నిచ్చెన మీద నించుని, నిన్ను కడుపులో పెట్టుకుని కూడా నింపిందెవరు?"

"అమ్మా?"

"మెల్లగా."

"అమ్మకి చదవడం రాదుగా. మిల్లులో ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. నాకు వచ్చిన మార్కులు కూడా నేనే చదివి చెప్పేదాన్ని."

"నేనూ అదే అనుకున్నాను. అడిగానా ఎప్పుడైనా? లేదు. ముప్పై ఏళ్ళు నింపిన అక్షరం రాకుండా ఎలా ఉంటుంది? ఆ మూడో సున్నకి పొట్ట ఉందన్నావే, అది మీ అమ్మ పొట్ట. అందరూ సున్న పైనించి మొదలుపెడతారు. ఆవిడ కింద మొదలుపెట్టి కిందే కలుపుతుంది. కలిసిన చోట కాస్త ఉబ్బుతుంది. ఎన్ని బోర్డుల మీద తిట్టానో దానికి. నిన్న బల్ల మీద ఆ పొట్ట చూశాక ఇంక అనుమానం లేకపోయింది నాకు."

"అమ్మని అడిగావా?"

"లేదు. నువ్వూ అడగకు."

"ఎందుకు అడగకూడదు?"

"అడిగితే చెప్తుంది. మీ అమ్మ అబద్ధం చెప్పదు, అదొక జబ్బు ఆవిడకి. చెప్తే నాకు తెలుస్తుంది. తెలిస్తే, వాళ్ళు నాలుగు తగిలిస్తే, నేను కక్కేస్తాను. నేనంత గట్టివాణ్ణి కాదే అమ్మాయ్. నోరు ఒక్కటే గట్టిది. నీ చిన్నప్పుడు ఆ పాల డెయిరీవాడు చెంపమీద ఒక్కటిస్తే నాది కాని తప్పుకి దండం పెట్టినవాణ్ణి. నువ్వు పక్కనే ఉన్నావు, నీకు గుర్తుండదు."

"గుర్తుంది."

"గుర్తుందా. సరే. అందుకే తెలియకుండా ఉండనీ నన్ను. నువ్వు ఒంట్లో బాగోలేదని చెప్పి అమ్మని తీసుకుపో. పది రోజులు ఉంచుకో. కడుపునొప్పి అన్నావుగా, ఆ కడుపునొప్పే ఆవిడకీ చెప్పు."

"మరి రెండింటికి నువ్వేం చేస్తావు?"

"నేనే రాశానంటాను."

"ఈ చేత్తోనా? చెయ్యి ఆడుతోంది కదరా, ఎలా రాశావంటే?"

"అది... అది వాళ్ళకేం తెలుసు. జేబులో పెట్టుకుంటాను."

"సరే, నన్ను మేనేజరు అనుకో. అడుగుతాను, చెప్పు. ఎందుకు రాశావు?"

"కడుపుమండి రాశాను."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు. నా అంతట నేనే."

"కాగితం ఎక్కడిది?"

"పాత క్యాలెండర్లు. ఇంట్లో చాలా ఉన్నాయి."

"నువ్వు మిల్లులో పనిచెయ్యవు. నిన్నటికి ముందు లోపలికి కాలు పెట్టి పదేళ్ళయింది. తొట్టిలోకి ముగ్గురు దిగారని నీకెలా తెలుసు?"

"అదీ... ఎవరో అనుకుంటుంటే..."

"ఎవరు?"

"టీ కొట్టు దగ్గర."

"టీ కొట్టు దగ్గర ఎవరు? నాన్నా, నేను అడిగితేనే చెమటలు పోస్తున్నాయి నీకు."

"చెప్పులు అని చెప్పమను."

వెనకగది గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. మోచేతుల దాకా సబ్బు నురగ అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఇద్దరూ చూడలేదు.

"నువ్వు లోపలికి పో. నీకు సంబంధం లేని మాటలు ఇవి."

"చెప్పులు చూశానని చెప్పు, అయ్యా. తొట్టి పక్కన మూడు జతలు. దిగేవాళ్ళు చెప్పులు విడిచి దిగుతారుగా."

"వద్దే. చెప్పొద్దే. నాకు తెలియకూడదు."

"తెలియకపోతే రెండో ప్రశ్నకే దొరికిపోతున్నావు. విన్నానుగా."

"అమ్మా, నువ్వు చూశావా?"

"ఆ షెడ్డు ఊడ్చేది నేనేగా. శనివారం పదింటికి వెళ్ళేసరికి తొట్టి చుట్టూ తాడు కట్టి ఉంది. మూడు జతలున్నాయి. ఒకటి తోలుది. రెండు రబ్బరువి, అందులో ఒకదానికి పట్టీ తెగితే రాగితీగ చుట్టుకున్నాడు పాపం. సూపర్వైజరు వచ్చి రెండు జతలు తీసి అవతల పారెయ్, ఒకటి ఉంచు అన్నాడు. ఏ ఒకటి ఉంచమంటారు బాబూ అని అడిగాను. ఏదో ఒకటి ఉంచవే అన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఏదో ఒకటి. ఆ మాట నాకు లోపలికి దిగలేదు. నాలుగు రోజులు అన్నం కూడా దిగలేదు. మీ నాన్న చూశాడా, చూడలేదు."

"ఆ ఇద్దరూ ఎవరమ్మా?"

"వాళ్ళు పై రాష్ట్రం నించి వచ్చిన కూలీలు, రిజిస్టరులో ఉండరు. పేర్లు రాద్దామనే కాగితం తీశాను. షెడ్డులో అందర్నీ అడిగాను. ఒక్కరికీ తెలీదు. ఏయ్ అని పిలిచేవాళ్ళట. పేర్లు లేవు గనక ఏరి అని రాశాను."

"రాశావు. బాగుంది. రాసేదేదో ఇంకోలా రాయకూడదా? ఊళ్ళో పిల్లవాడు కూడా గుర్తుపట్టే అక్షరాలే దొరికాయా నీకు? నా మెడకి ఉరి అనుకోలేదా?"

"ఇంకోలా అంటే ఎలా అయ్యా?"

"ఎలా అంటే... మామూలుగా. అందరూ రాసేలాగా."

"నాకు వచ్చినవి అవేగా. నన్ను బడికి ఎవరు పంపారు, మామూలువి నేర్పడానికి? నువ్వు గీశావు, నేను నింపాను. అక్షరం అంటేనే అలా ఉంటుందనుకున్నాను. పేపర్లో సన్నగా ఉండేవి చదవాలంటే ఇప్పటికీ కూడబలుక్కోవాలి. ఇవైతే కళ్ళు మూసుకుని రాస్తాను. రాసేటప్పుడు నీ మెడ గుర్తు రాలేదు, నిజమే. ఆ రాగితీగ గుర్తొచ్చింది."

"నాన్నా, ఏడవకు."

"ఏడవట్లేదు. చెమట."

"అమ్మా, ఆ రెండు జతలూ ఏం చేశావు? పారేశావా?"

"పారెయ్యడానికి మనసు రాలేదు. ఆ ఎర్ర డబ్బా వెనకాల సంచిలో ఉన్నాయి."

"ఈ గదిలోనా? నేను ఇన్ని రోజులుగా వాటి పక్కనే పడుకున్నానా?"

"నీకు తెలియకూడదన్నావుగా."

"నాన్నా, అమ్మా, వినండి. ఒంటిగంట దాటింది. ఆ సంచీ నేను తీసుకెళ్తాను. మా షాపుకి పేపరువాళ్ళు వస్తుంటారు, వాళ్ళలో ఒకావిడ ఉంది, గట్టిది. ఆవిడ చేతిలో పెడతాను. అమ్మ నాతో వస్తుంది."

"నేను రాను. ఇవాళే కనపడకుండా పోతే నేనే రాశానని చెప్పి పోయినట్టుంటుంది. ఇవాళ నాకు వారం సెలవు, రేపు పొద్దున మామూలుగా వెళ్ళి ఊడుస్తాను. వేలిముద్ర వేసేదాన్ని ఎవరు అనుమానిస్తారు?"

"వెళ్ళవే. ఈ ఒక్కసారికి నా మాట విను. వెళ్ళు. చీర కూడా మార్చుకోకు, ఇలాగే వెళ్ళిపో."

"నీకెందుకు అంత ఇదిగా ఉంది? నిన్ను తీసుకెళ్తారు గానీ నన్నా?"

"ఇదిగా ఏం లేదు. వెళ్ళమంటే వెళ్ళాలి, అంతే. పెళ్ళయినప్పటినుంచీ ఒక్క మాట విన్నావా నువ్వు?"

"విన్నాను గనకే ఇన్ని బోర్డులున్నాయి ఊళ్ళో. ఇటు తిరుగు. చొక్కా గుండీ ఒకటి కిందకి పెట్టుకున్నావు. ఇప్పుడు నేను మేనేజరుని. ముగ్గురని నీకెలా తెలుసు?"

"చెప్పులు చూశాను."

"ఎక్కడ చూశావు?"

"మా ఆవిడకి కారియరు ఇవ్వడానికి గేటు దాకా వెళ్ళాను. షెడ్డు తలుపు తీసి ఉంది."

"బాగా చెప్పావు. ఆవిడకి తెలుసా?"

"ఆవిడకేం తెలీదు. చదువు రాదు."

"చూశావా, వచ్చింది. గొంతు కూడా ఆడలేదు. ఇంకోసారి చెప్పు, ఆవిడకి..."

"ఉష్. ఆగింది."

"ఏమిటి?"

"జీపు. ఇంకా ఒకటింపావు కూడా కాలేదు."

"నాన్నా, కూర్చో. నేను తీస్తాను తలుపు. అమ్మా, ఆ సంచీ నీళ్ళ బిందె వెనక్కి నెట్టు."

"నువ్వుండు, నేను తీస్తాను. నేనే తియ్యాలి. వస్తున్నా. వస్తున్నానయ్యా, బద్దలు కొట్టకు, రెండు గడియలున్నాయి."

తలుపు తీసేసరికి జీపు డ్రైవరు గుమ్మం బయట చెప్పులు విడవకుండా నిలబడి ఉన్నాడు.

"పెయింటరన్నా, కాస్త ముందొచ్చాను. అర్జెంటుగా తెమ్మన్నారు."

"తయారుగానే ఉన్నాను. పద. ఏమే, నేను వెళ్ళొస్తాను. అమ్మాయ్, బస్సు తప్పిపోనివ్వకు."

"నువ్వు కాదన్నా."

"ఏమిటి?"

"నిన్ను ఇంటి దగ్గరే ఉండమన్నారు. అమ్మని తీసుకురమ్మన్నారు."

"మా అమ్మనా? ఆవిడతో వాళ్ళకేం పని? ఆవిడకి అ ఆ లు కూడా రావు, మిల్లు పుస్తకంలో చూసుకోండి, వేలిముద్ర వేస్తుంది."

"నాకేం తెలుసమ్మా, నేను బండి తోలేవాణ్ణి. రంగు నింపే ఆవిణ్ణి అన్నారు. ఇప్పుడు గీత కూడా ఆవిడే గీస్తోందట కదా, ఆవిణ్ణి తీసుకురా అన్నారు."

"చేతులు కడుక్కుని వస్తానుండు బాబూ."

"అమ్మా, ఆగు. నువ్వు కదలకు. నాన్నా, ఊళ్ళో ఎవరికీ తెలియనిది ఇది. నాకే తెలీదు. వాళ్ళకెవరు చెప్పారు? నాన్నా, నిన్నే. గోడ వంక తిరుగుతావేం, ఎవరు చెప్పారు?"

"కొట్టలేదే అమ్మాయ్. కొట్టలేదనే చెప్పానుగా నీకు. వెళ్ళగానే కూర్చోండి పెయింటరుగారూ అన్నారు. గారూ అన్నారు నన్ను. మా గేటు బోర్డు ఇన్నేళ్ళయినా రంగు చెదరలేదు, ఇంత పని ఒక్కరే చేస్తారా అని అడిగారు. నన్ను పని గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. ఒక్కణ్ణే ఎక్కడండీ, నింపేదంతా మా ఆవిడే, ఇప్పుడు నా చెయ్యి ఆడినా పని ఆగదు, గీత కూడా ఆవిడే గీస్తుంది, నాకన్నా బాగా గీస్తుందని చెప్పాను. గొప్పగా చెప్పాను. పోస్టరు ఆ తరవాత చూపించారు."